నూలు అమ్మి తాడు కొన్నారు

2025 ఆగస్టు నెలాఖరులో అమెరికా మన దేశం సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన రోజు, మా గల్లీ మూలమీది చాయ్ హోటల్లో అందరి నోటా ఒకటే మాట. టవళ్ల కార్ఖానాలో పనిచేసే మా పక్కింటి తమ్ముడు నా ముందు కూర్చుని, "పెద్దన్నా, వాళ్లు మన దోస్తులన్నరు గదా. సభలు పెట్టిండ్రు, చేతులు కలిపిండ్రు, అలాయ్ బలాయ్ తీసుకున్నరు. మరి రాత్రికి రాత్రి ఇదేంది?" అని అడిగాడు. ఎగుమతి ఆర్డరు ఆపి పెట్టమని సేటు పొద్దున్నే చెప్పాడట. వారానికి ఆరు పాళీల పని నాలుగుకు దిగుతుందేమోనని వాడి భయం.

నాకు జపాన్ గుర్తొచ్చింది. 54 ఏళ్ల కింద ఇలాగే ఒక దోస్తు రాత్రికి రాత్రి మాట తిప్పేశాడు. ఆ కథలోనూ బట్ట ఉంది, సాంచా ఉంది, నేతగాడు ఉన్నాడు. పెద్దవాళ్లు రాసిన చరిత్రల్లో చైనా, రష్యా, ఆటంబాంబు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, బట్ట సంగతి నాలుగు లైన్లలో అయిపోతుంది. సాంచా మీద ముప్ఫై ఏళ్లు నిలబడ్డవాణ్ణి కాబట్టి నా కన్ను ఆ నాలుగు లైన్ల మీదే పడింది. ఆరోజు చాయ్ చల్లారేదాకా వాడికి చెప్పింది ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

పెద్దన్న చెప్పినట్టే

1945లో యుద్ధం ఓడిపోయాక జపాన్‌ని అమెరికా సైన్యం 1952 దాకా తన చేతిలో ఉంచుకుంది. వెళ్లిపోయేటప్పుడు కూడా రక్షణ ఒప్పందం రాయించుకుని, స్థావరాలు ఉంచుకునే వెళ్లింది. ఓకినావా దీవులనైతే అసలు వదల్లేదు. జపాన్‌కి సైన్యం ఖర్చు తప్పింది, అమెరికా బజారు దొరికింది. బదులుగా బయటి దేశాల వ్యవహారంలో పెద్దన్న మాట జవదాటకూడదు. రాసుకున్నా రాసుకోకున్నా లెక్క అదే.

చైనా విషయంలో ఆ లెక్క బాగా కనపడుతుంది. 1949లో మావో గెలిచాక ఓడిన చియాంగ్ కై షేక్ తైవాన్ దీవికి పారిపోయి, అసలు చైనా ప్రభుత్వం నాదే అన్నాడు. అమెరికా ఔనంది. అమెరికా పట్టు మీద జపాన్ కూడా 1952లో తైవాన్‌తోనే సంధి రాసుకుంది. పక్కనే ఉన్న అంత పెద్ద చైనాతో వ్యాపారం చేయాలని జపాన్ వర్తకులకు చేతులు దురదగానే ఉండేవి. చాటుగా కొంత చేశారు కూడా. కానీ సర్కారు మాత్రం పెద్దన్న గీసిన గీత దాటలేదు.

అప్పట్లో అమెరికాలో జపాన్ రాయబారిగా పనిచేసిన అసకాయ్ అనే ఆయనకి ఒక భయం ఉండేదట. ఏదో ఒక రోజు పొద్దున లేచేసరికి, మనతో ఒక్క మాటా అనకుండా అమెరికా చైనాతో చేతులు కలిపేసి ఉంటుందని. జపాన్ విదేశాంగ శాఖలో దీనికి 'అసకాయ్ పీడకల' అనే పేరే పడింది. అంతా నవ్వుకునేవాళ్లు.

బట్ట గొడవ

ఇప్పుడు బట్ట దగ్గరికి వద్దాం. యుద్ధం తర్వాత జపాన్ మళ్లీ లేచింది బట్ట మీదనే. 1950 ప్రాంతంలో అక్కడ 'గాచామన్' అనే మాట పుట్టింది. సాంచా 'గాచా' అని ఒక్కసారి చప్పుడు చేస్తే 'మన్', అంటే పదివేల యెన్లు, వచ్చిపడుతున్నాయని. మన దగ్గర సాంచా చప్పుడుకి అంత విలువ ఎప్పుడూ రాలేదనుకోండి. ఫుకుయి, ఇషికావా వంటి జిల్లాల్లో పెద్ద మిల్లులతో పాటు ఇంట్లోనే నాలుగైదు సాంచాలు పెట్టుకుని మొగుడూ పెళ్లాం నడుపుకునే కుటుంబాలు వేలకొద్దీ ఉండేవి. ముందు గదిలో బతుకు, వెనక గదిలో కార్ఖానా. షోలాపూర్ పూర్వభాగ్‌లో గానీ భివండీలో గానీ పుట్టి పెరిగినవాళ్లకి ఆ ఇల్లు ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

అక్కడి పాలిస్టర్, నైలాన్, ఉన్ని బట్ట అమెరికాకి పోయేది. అమెరికా బజారు మొత్తంతో చూస్తే అది కొంచెమే. కానీ అమెరికాలోనూ మిల్లు కార్మికులు ఉన్నారు. దక్షిణాన ఉత్తర కరొలైనా, దక్షిణ కరొలైనా, జార్జియా రాష్ట్రాల్లో మిల్లు ఊళ్లు ఉండేవి. మిల్లువాడే ఇల్లు ఇచ్చేవాడు, మిల్లు చుట్టే ఊరు. మన చాళ్ల లాంటివే, కాకపోతే విడివిడి ఇళ్లు. అంగట్లో జపాన్ చొక్కా తక్కువ ధరకి కనపడితే వాళ్ల గుండె దడదడలాడేది. వాళ్ల భయాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

1968 ఎన్నికల్లో రిచర్డ్ నిక్సన్ ఆ ఊళ్లకి మాట ఇచ్చాడు, బయటి నుంచి వచ్చే బట్టకి కళ్లెం వేస్తానని. రెండు కరొలైనాలూ గెలిచాడు, అధ్యక్షుడయ్యాడు. ఇక ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఇటు జపాన్ ప్రధాని ఐసాకు సాతోకి ఒక కల ఉంది. ఓకినావాని తిరిగి తెచ్చుకోవాలి. 1969 నవంబరులో ఇద్దరూ వాషింగ్టన్‌లో కూర్చున్నారు. 1972లో ఓకినావా ఇచ్చేస్తామని నిక్సన్ ఒప్పుకున్నాడు. అదే గదిలో, బయటికి చెప్పకుండా, బట్ట ఎగుమతులు తగ్గిస్తానని సాతో మాట ఇచ్చాడు.

ఇంటికొచ్చాక ఆ మాట సాతో గొంతులో ఇరుక్కుంది. బట్ట మిల్లులవాళ్లు, నేతగాళ్లు ఒప్పుకోలేదు. ఎగుమతులు తగ్గించొద్దని అంతకుముందే జపాన్ పార్లమెంటు దిగువసభ తీర్మానం చేసి ఉంది. నేనేమీ ఒప్పుకోలేదని సాతో బయట చెప్పుకున్నాడు. కానీ జనానికి వాసన తగిలింది. 'నూలు అమ్మి తాడు కొన్నాడు' అనే వెటకారం పుట్టింది. జపాన్ భాషలో 'ఇతో' అంటే దారం, 'నావా' అంటే తాడు. ఓకినావాలోని చివరి ముక్కని పట్టుకుని ఎవరో నేసిన మాట అది. భలే నేశారు.

దుబాసీ పొరపాటు వల్లే ఈ గొడవంతా వచ్చిందని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. 'చూద్దాం, చేతనైనంత చేస్తా' అన్న అర్థంలో సాతో మర్యాదకి ఏదో అంటే, 'తప్పక చేస్తా' అని నిక్సన్‌కి వినపడిందని. వినడానికి బాగుంటుంది. కానీ తర్వాత బయటపడ్డ కాగితాలు చూస్తే, సాతో మధ్యవర్తి ద్వారా చాలా స్పష్టంగానే ఒప్పుకున్నాడు. నిక్సన్‌కి మండింది. ఇచ్చిన మాట తప్పాడని సాతో మీద పగ పెట్టుకున్నాడు. రెండేళ్లు బేరం నడిచింది, జపాన్‌లో ఆ శాఖకి మంత్రులు మారారు. 1971 మార్చిలో జపాన్ బట్ట పరిశ్రమ తనంతట తానే ఎగుమతులకి కొంత హద్దు పెట్టుకుంటానంటే నిక్సన్ అదీ చాలదని తోసేశాడు.

కడుపునొప్పి

1971 జూలైలో నిక్సన్ ఆంతరంగికుడు హెన్రీ కిసింజర్ ఢిల్లీ మీదుగా పాకిస్తాన్ వెళ్లాడు. అక్కడ కడుపునొప్పి వచ్చిందనీ, కొండమీది నథియాగలీ బంగళాలో విశ్రాంతి తీసుకుంటున్నాడనీ విలేకరులకి చెప్పారు. విశ్రాంతీ లేదు, నొప్పీ లేదు. తెల్లవారుజామున పాకిస్తాన్ విమానం ఎక్కి పెకింగ్‌లో దిగాడు. 9 నుంచి 11 దాకా చౌ ఎన్ లైతో మాట్లాడి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాడు.

జూలై 15 సాయంత్రం నిక్సన్ కాలిఫోర్నియాలో ఒక టీవీ స్టూడియోకి వెళ్లి నాలుగు నిమిషాలైనా పట్టని ప్రకటన చదివాడు. నేను చైనా వెళ్తున్నాను, అని. కమ్యూనిస్టుల మీద కత్తి దూసి పేరు తెచ్చుకున్న మనిషి. ఇరవై ఏళ్లుగా అమెరికా లోకానికి చెబుతూ వచ్చిన మాట అంతలో తిరగబడింది.

టోక్యోలో అప్పుడు జూలై 16 పొద్దున. ప్రధాని సాతోకి కబురు అందింది ప్రకటనకి కొద్ది నిమిషాల ముందు. టోక్యోలో అమెరికా తరఫున కూర్చున్న రాయబారి ఆర్మిన్ మేయర్‌కి ఆ పాటి కబురు కూడా లేదు. క్షౌరం చేయించుకుంటూ, అమెరికా సైనికుల రేడియోలో విన్నాడు. అసకాయ్ పీడకల తు.చ. తప్పకుండా జరిగింది. రాయబారి గడ్డం కింద తుండుగుడ్డ మాత్రం పాపం ఆ పీడకలలో లేదు.

ఒక పెద్ద అధికారిని టోక్యోకి ముందే పంపి సాతో చెవిలో వేద్దామని అమెరికాలో కొందరు అనుకున్నారు. రహస్యం పొక్కుతుందని పైవాళ్లు వద్దన్నారు. అది నిజమైన కారణమే కావచ్చు. బట్ట విషయంలో పగ కూడా తోడైందని చాలామంది నమ్ముతారు. నాకూ అలాగే అనిపిస్తుంది. మనకి కోపం ఉన్న చుట్టానికి పెళ్లి పత్రిక పంపడం మరిచిపోవడం ఎంత సులువో తెలుసు కదా.

ఒక మాట ఒప్పుకోవాలి. నిక్సన్ మలుపు తప్పు కాదు. 80 కోట్లకు పైగా జనం ఉన్న దేశం లేనట్టే ఇరవై ఏళ్లు నటించడమే తప్పు. జపాన్ కూడా లోలోపల అదే కోరుకుంది. కానీ తైవాన్ పక్షాన అంతకాలం నిలబడ్డది నీ మాట మీద. చైనా తిట్లు తిన్నది నీ కోసం. తీరా దారి మార్చేటప్పుడు నడిబజారులో చెయ్యి వదిలేస్తే ఎట్లా? కిసింజర్ తర్వాత తన జ్ఞాపకాల్లో, జపాన్‌కి ఇంకొంచెం మర్యాదగా చెప్పి ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. అప్పటికి అయిపోయింది.

తైవాన్ సంగతి ఇంకా దారుణం. ఐక్యరాజ్యసమితిలో తైవాన్ కుర్చీ నిలపడానికి అమెరికా తీర్మానం పెడితే, ఇంత అవమానం తర్వాత కూడా జపాన్ దాని మీద సంతకం చేసింది. అక్టోబరు 25న ఓటు పడింది. 76 దేశాలు పెకింగ్ వైపు, 35 ఇటు, 17 తటస్థం. తైవాన్ బయటికి నడిచింది. ఆ వారమంతా కిసింజర్ రెండోసారి పెకింగ్‌లోనే ఉన్నాడు.

ఆగస్టు 15

చైనా దెబ్బకి నెల తిరగలేదు, రెండోది పడింది. అమెరికా తారీఖు ప్రకారం ఆగస్టు 15, ఆదివారం రాత్రి. మనకి జెండా పండుగ, జపాన్‌కి యుద్ధంలో ఓడిన రోజు. డాలరుకి బదులు బంగారం ఇవ్వబోమని, బయటి సరుకు మీద 10 శాతం అదనపు సుంకం వేస్తున్నామని నిక్సన్ మళ్లీ టీవీలో ప్రకటించాడు. ఈసారీ ముందుమాట లేదు. జపాన్ పత్రికలు ఈ రెంటికీ కలిపి 'నిక్సన్ షొక్కు' అని పేరు పెట్టాయి.

నేతగాడికి ఇది ఎక్కడ తగిలిందో చూడండి. 1949 నుంచి డాలరుకి 360 యెన్లు. ఒక తరం ఆ అంకె మీదే బతికింది. వెయ్యి డాలర్ల బట్ట పంపితే 3,60,000 యెన్లు చేతికొచ్చేవి. ఆ డిసెంబరులో డాలరుని 308కి దించారు. అదే వెయ్యి డాలర్ల బట్టకి 3,08,000. బట్ట మారలేదు, నూలు మారలేదు, పాళీ మారలేదు, 52,000 ఎగిరిపోయాయి. చిన్న సాంచాలవాళ్లకి మిగిలేదే ఆ కొంచెం.

ఇక బట్ట ఒప్పందం. అక్టోబరు 15 లోగా సంతకం పెట్టకపోతే మేమే కోటా వేస్తాం అని అమెరికా గడువు పెట్టింది. కోటా వేయడానికి తీస్తామన్న చట్టం పేరు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. శత్రు దేశాలతో వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1917లో చేసిన చట్టం అది. పాతికేళ్ల దోస్తు మీద శత్రువు చట్టం.

అప్పటికి వాణిజ్య, పరిశ్రమల మంత్రి కాకుఎయి తనాకా. పెద్ద చదువు లేనివాడు, ఇళ్లు కట్టే కాంట్రాక్టు పని చేసి పైకొచ్చినవాడు. నిలబడి లాభం లేదని గ్రహించి, గడువు రోజునే సంతకం పెట్టించాడు. ఏడాదికి పెరుగుదల పాలిస్టర్ వంటివాటికి 5 శాతం, ఉన్నికి 1 శాతం దాటకూడదు. నష్టపోయే నేతగాళ్లకి ఖజానా నుంచి వేల కోట్ల యెన్లు ఇప్పించాడు. ఆ డబ్బుతో సర్కారు సాంచాలు కొన్నది. నడపడానికి కాదు, మళ్లీ ఎవరూ నడపకుండా తుక్కు చేయడానికి.

నేత ఊళ్లలో సాంచాలని బయటికి ఈడ్చి సుత్తెలతో పగలగొట్టారు. ఈ సంగతి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సాంచా పాతబడి ఆగిపోవడం చూశాను. అప్పుకింద జప్తు కావడం చూశాను. భంగారువాడు తూకం వేసి లారీలో ఎక్కిస్తుంటే ఆడవాళ్లు వాకిట్లో నిలబడి చూడటం మన గల్లీల్లోనే చూశాను. కానీ బాగా నడుస్తున్నదాన్ని, నూనె వాసన పోకముందే, పగలగొట్టడానికే కొనడం ఎన్నడూ చూడలేదు.

ఎవరికేం మిగిలింది

1972 మే 15న ఓకినావా జపాన్‌కి తిరిగొచ్చింది. సాతో కల నెరవేరింది. అయినా నెల తర్వాత, జూన్ 17న, రాజీనామా చెప్పే రోజు ఆయన విలేకరుల మీద మండిపడ్డాడు. పత్రికలవాళ్లు నా మాట వంకర రాస్తారు, టీవీ ఎక్కడ, జనంతో నేరుగా మాట్లాడతా అన్నాడు. వాళ్లంతా లేచి వెళ్లిపోయారు. ఖాళీ కుర్చీల ముందు కూర్చుని కెమెరాకి చెప్పుకున్నాడు, అప్పటిదాకా జపాన్‌ని అందరికంటే ఎక్కువకాలం ఏకధాటిగా ఏలిన ప్రధాని. రెండేళ్లకి, 1974లో, ఆయనకే నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

జూలైలో తనాకా ప్రధాని అయ్యాడు. పెద్దన్న కోసం ఆగలేదు. సెప్టెంబరులో తానే పెకింగ్ వెళ్లి, 29వ తేదీన చైనాతో పూర్తి సంబంధాలు కలిపేసుకున్నాడు. అమెరికాకి ఆ పని చేయడానికి 1979 జనవరి దాకా పట్టింది. ఇంట్లో పెద్దవాడు చెప్పకుండా పోతే, చిన్నవాడు అడగకుండా పోతాడు, అంతే. 1973 జూన్‌లో అమెరికా హఠాత్తుగా సోయా గింజల ఎగుమతి ఆపేసినప్పుడు కూడా జపాన్‌లో గగ్గోలు పుట్టింది. సోయా వాళ్లకి మనకి పప్పులాంటిది. ఆ తర్వాత వేరే దేశాల నుంచి తెచ్చుకునే దారులు వెతుక్కున్నారు.

మరి కరొలైనా మిల్లు ఊళ్లు? జపాన్ బట్టకి హద్దు పెట్టారు. హాంకాంగ్, కొరియా, తైవాన్‌ల బట్టకీ పెట్టారు. ఇంకో దేశం నుంచి బట్ట వచ్చింది. మిల్లులు కొంతకాలం ఊపిరి పీల్చుకున్నా, తర్వాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటే మూతబడ్డాయి. నిక్సన్ వాళ్లకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. మిల్లులు మాత్రం నిలబడలేదు.

ఇందులో మనకేం సంబంధం అంటారా? రెండున్నాయి. కిసింజర్ కడుపునొప్పి నాటకం ఆడింది పాకిస్తాన్ సాయంతో. అదే నెలల్లో తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ సైన్యం ఊచకోత సాగిస్తుంటే, కోటి మంది దాకా మన దేశానికి పరుగెత్తుకొచ్చారు. చైనాకి తలుపు తీసిన పాకిస్తాన్‌ని నిక్సన్ ఏమీ అనలేదు. అమెరికా, చైనా, పాకిస్తాన్ ఒక్కటవుతున్నాయని చూసిన ఢిల్లీ, అప్పటికే నడుస్తున్న మాటలని తొందరపెట్టి, 1971 ఆగస్టు 9న రష్యాతో స్నేహ ఒప్పందం మీద సంతకం చేసింది.

రెండోది బట్టది. అప్పటిదాకా నూలు బట్టకి మాత్రమే ఉన్న అంతర్జాతీయ కోటాల పద్ధతిని ఉన్నికి, కృత్రిమ నూలుకి కూడా పాకించి 1974 జనవరి 1 నుంచి కొత్త ఒప్పందం పెట్టారు. మన దేశమూ అందులో చేరింది. ఏ దేశం, ఏ రకం బట్ట, ఎంత పంపాలో లెక్క. బొంబాయిలో, తిరుప్పూర్‌లో సేట్లు 'ఈ ఏడు కోటా అయిపోయింది, పని లేదు' అంటుండేవాళ్లు. ఆ కోటా అనే మాటకి వెనక ఫుకుయి సాంచాలు ఉన్నాయని మనలో ఎంతమందికి తెలుసు? 2004 డిసెంబరు 31 దాకా, ముప్ఫై ఒక్క ఏళ్లు, ఆ లెక్క నడిచింది.

ఇదంతా విని మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. దోస్తీ గురించి మళ్లీ అడుగుతాడనుకున్నాను. "పెద్దన్నా, సాంచాకు పైసలిచ్చిండ్రు సరే. దాని మీద జీతానికి పనిచేసేటోనికి ఏమిచ్చిండ్రు?" అన్నాడు. ఆలోపే అటునుంచి సేటు ఫోను. రాత్రి పాళీకి రమ్మని. చాయ్ పైసలు నన్నే ఇమ్మని చెప్పి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.